కాపాడాల్సింది రాతి గోడను మాత్రమే కాదు, దాని కట్టును

1905 ఏప్రిల్ 4 ఉదయం నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్‌డా లోయను 7.8 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. దాదాపు 20 వేల మంది చనిపోయారు. వారిలో చాలామంది ప్రాణం తీసింది వాళ్ళ ఇళ్ళ గోడలే. పక్కనున్న కుల్లూ లోయలోని నగ్గర్ కోట మాత్రం ఆ కుదుపును తట్టుకుని నిలబడింది. అదీ రాతి కట్టడమే. ఇప్పుడది పర్యాటక హోటల్ కాబట్టి దాని బాగోగులు చూసేవారున్నారు. అదే పద్ధతిలో కట్టిన పల్లె ఇళ్ళకు ఆ భాగ్యం లేదు.

ఈ పద్ధతి పేరు కాఠ్-కుణి. కాఠ్ అంటే కర్ర, కుణి అంటే మూల. గోడ లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి చొప్పున రెండు దేవదారు దూలాలు పరుస్తారు. వాటిని అడ్డకర్రలతో బిగించి, మధ్య ఖాళీని రాళ్ళతో నింపుతారు. దానిపై ఒక వరుస రాళ్ళు, మళ్ళీ దూలాలు. మూలల దగ్గర రెండు గోడల దూలాలు ఒకదానిపై ఒకటి ఎక్కి, చెక్క మేకులతో బిగుసుకుంటాయి. రాళ్ళ మధ్య సిమెంటు గానీ సున్నం గానీ ఉండదు. కింది అంతస్తులో పశువులు, పైన మనుషులు, ఆపైన పలక రాళ్ళ కప్పు. ఇదీ ఆ ఇంటి స్వరూపం.

సిమెంటే లేని గోడ భూకంపాన్ని ఎలా తట్టుకుంటుంది? రాయి నొక్కుడును బాగా భరిస్తుంది, లాగుడును భరించలేదు. భూమి పక్కకు ఊగినప్పుడు గోడలో పుట్టేది ఎక్కువగా లాగుడే. ఇల్లు ఎంత బరువుంటే ఆ బలం అంత పెరుగుతుంది. కాఠ్-కుణి గోడలో ఆ లాగుడును దేవదారు దూలాలు తీసుకుంటాయి. రాళ్ళు ఒకదానిపై ఒకటి కొద్దిగా జరిగి రాసుకుంటాయి. ఊపులోని శక్తిలో కొంత ఆ రాపిడిలోనే వేడిగా ఖర్చైపోతుంది. నడికట్టులా చుట్టిన దూలాలు నాలుగు గోడలను విడిపోనివ్వవు.

ఈ కట్టు లేకపోతే ఏమవుతుందో 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతంలో తెలిసింది. తీవ్రత 6.2 మాత్రమే. హైదరాబాదులోనూ తెలిసిన ఆ ప్రకంపనలు అక్కడ వేల ప్రాణాలు తీశాయి. అక్కడి ఇళ్ళకు మందపాటి రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పులు ఉండేవి. కానీ గోడ లోపలి వరసనూ బయటి వరసనూ కలిపే కట్టు రాళ్ళు చాలా ఇళ్ళలో లేవు. రెండు వరసలూ విడిపోయి, కప్పు నేరుగా నిద్రలో ఉన్నవారి మీద పడింది. ఆ తర్వాత రాతి ఇల్లంటేనే భయం మొదలైంది. ఆ భయం సహజమే కానీ తప్పు రాయిది కాదు, కట్టుది.

ఒక కోట నిలిచిందని కాఠ్-కుణి ఇళ్ళన్నీ క్షేమమని తీర్మానించడమూ శాస్త్రీయం కాదు. నేడు మనకు కనిపించేవి నిలిచినవే, కూలినవి లెక్కలోకి రావు. దూలం కుళ్ళిన ఇల్లు, మూల కీలు వదులైన ఇల్లు ప్రమాదకరమే. నిప్పు భయం మరీ ఎక్కువ. 2008 జనవరిలో కుల్లూ జిల్లాలోని మలాణా గ్రామంలో చెలరేగిన మంటలు పాత ఇళ్ళను పెద్ద సంఖ్యలో బూడిద చేశాయి. కాబట్టి ఈ ఇళ్ళను కాపాడటమంటే ఉన్నవి ఉన్నట్టు వదిలేయడం కాదు.

మరి కాపాడేదెవరు? మన దేశంలో పురాతన కట్టడాల రక్షణకు 1958 నాటి కేంద్ర చట్టం ఉంది. వందేళ్ళు దాటి, జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటించిన వాటికే అది వర్తిస్తుంది. మనుషులు కాపురముంటున్న పల్లె ఇల్లు ఆ వడపోతలో నిలవదు. అలాంటి ఇంటిని స్మారక చిహ్నంగా ప్రకటిస్తే యజమాని మరుగుదొడ్డి కట్టుకోవడానికీ ఇబ్బంది పడాలి. ఇక్కడ కావాల్సింది మరమ్మతును సులభం చేసే విధానం.

మొదటి అడ్డంకి కలప. దేవదారు అడవులు తగ్గాయి, నరికివేతపై ఆంక్షలు పెరిగాయి. అడవికి ఆ ఆంక్షలు అవసరమే. కానీ కొత్త ఇంటికి కావాల్సిన కలప వేరు, కుళ్ళిన రెండు దూలాలు మార్చడానికి కావాల్సిన కలప వేరు. ఈ తేడాను నిబంధనలు గుర్తించాలి. రెండో అడ్డంకి సిమెంటు. పగుళ్ళు కనిపించగానే పైన సిమెంటు పూస్తే గోడ గట్టిపడినట్టే ఉంటుంది. నిజానికి రాళ్ళ మధ్య ఆరాల్సిన తేమ లోపలే చిక్కుకుని దూలాలను కుళ్ళబెడుతుంది. మూడోది పని తెలిసిన చేతులు. ఈ కట్టు తెలిసిన వడ్రంగులకు, తాపీ మేస్త్రీలకు పని దొరకకపోతే వారి పిల్లలు ఆ విద్య నేర్చుకోరు.

దారి లేకపోలేదు. 2005 కశ్మీర్ భూకంపం తర్వాత పాకిస్తాన్ పునర్నిర్మాణ సంస్థ మొదట ఆధునిక నమూనాలకే సాయం ఇచ్చింది. రోడ్డు లేని కొండ ఊళ్ళకు సిమెంటు, ఇనుము మోయడం కష్టమైంది. జనం సంప్రదాయ పద్ధతుల్లోనే కట్టుకుంటుంటే ఇంజనీర్లు వాటిని పరిశీలించారు. చివరికి కర్ర చట్రంలో రాళ్ళు నింపే ధజ్జీకి, రాతి గోడలో కర్ర పట్టీలు పొదిగే భతార్‌కు ఆమోదం, సాయం దక్కాయి. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 1993లోనే రాతి గోడల్లో కట్టు రాళ్ళు, పట్టీలు ఎలా వేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే శాస్త్రం కొరత లేదు. ఇంటి సాయం మంజూరు చేసే కార్యాలయం దాకా, అంచనా వేసే ఇంజనీరు దాకా అది చేరాలి.

కుల్లూ కొండల్లో ఒక పాత ఇంటి దూలం కుళ్ళినప్పుడు యజమాని ముందు నేడు తేలికైన దారి ఒక్కటే ఉంది: ఇల్లు కూల్చి కాంక్రీటు స్తంభాలు లేపడం. పర్యవేక్షణ లేని ఆ స్తంభాలు రేపటి భూకంపంలో నిలుస్తాయన్న భరోసా లేదు. కొద్దిపాటి కలప, కాస్త సాయం, ఒక పనిమంతుడైన వడ్రంగి అందుబాటులో ఉంటే ఆయనకు రెండో దారి కూడా ఉంటుంది.