సంగటా, ముద్దెనా, కళీనా?

హొగేనక్కల్ పేరులోనే మన చుట్టరికం ఉంది. కన్నడంలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి. మన 'ప' అక్కడ చాలాచోట్ల 'హ' అవుతుంది: పాలు హాలు, పులి హులి, పొగ హొగె. కల్లు మనకూ ఉంది, సన్నికల్లులో. ఊరేమో తమిళనాడులో, ధర్మపురి జిల్లాలో. ఏరు దాటితే కర్ణాటక. ఇట్లాంటి చోట బతికే తెలుగిండ్లలో వంటకు ఒకే పేరుండాలంటే ఎట్ల కుదురుతుంది?

అవ్వ వంటలు రాసి పెట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి దిద్దుబాట్లు వస్తానే ఉన్నాయి. "మస్సొప్పు కన్నడం, పప్పుకూర అని మార్చండి" అని ఒకరు. "కోలం కాదు, ముగ్గు" అని ఇంకొకరు. మేము మార్చకూడదనే అంటాం. సంగటికి అవ్వ నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, తెడ్డుతో గెలుకుతుంది. కన్నడ ఇండ్లలో ముద్దె ఎక్కువగా ఉత్త పిండితోనే. తమిళుల కళిలో నూకలు వేసేవాళ్లూ ఉన్నారు. అవ్వ మూడు పేర్లూ వాడుతుంది, ఎదుట ఎవరుంటే వాళ్ల మాట. అది కలగాపులగం కాదు, మర్యాద.

ముగ్గూ అంతే. మన మెలికల ముగ్గునే పక్కింటివాళ్లు చిక్కు కోలం అంటారు. మార్గళి నెలలో పేడముద్ద మీద గుమ్మడిపువ్వు వాళ్లూ పెడతారు. గొబ్బెమ్మ అని పేరు పెట్టి చుట్టూ తిరిగి పాడేది మాత్రం మనమే. ఆ పాటలే పోతా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ దిద్దుబాటు పంపలేదు!

2008లో హొగేనక్కల్ తాగునీటి పథకం మీద రెండు రాష్ట్రాల మధ్య గొడవైనప్పుడు మమ్మల్ని అడిగింది ఒకటే, మీరు ఏ పక్క అని. ధర్మపురి, కృష్ణగిరి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెచ్చిన పథకం అది, 2013లో మొదలైంది. ఇప్పుడు ఆంధ్రా పెళ్లిళ్లకు పోతే మనవాళ్లే అడుగుతారు, మీది ఏ తెలుగు అని.

ఒక్క విషయంలో మాత్రం మేము మొండిగా ఉంటాం. ఏ మాటైనా సరే, తెలుగు లిపిలో రాయాలి. మేము కన్నడ బడిలో చదివినవాళ్లం, అక్షరాలు దగ్గర కాబట్టి తెలుగు చదవడం కూడబలుక్కోగలిగాం. తమిళ బడి పిల్లలకు ఆ సులువు లేదు. 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి, అది నేర్చుకోవాల్సిందే. కానీ తమిళ అక్షరాల్లో గంజి అన్నా కంచి అన్నా ఒకే రాత. అవ్వ వంటల చీటీలు వాట్సాప్‌లో అట్లానే తిరుగుతున్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకా ఘోరం.

ఈ ధనుర్మాసంలో ప్రతి ఇంటి నుంచి ఒక ముగ్గు ఫోటో, ఒక గొబ్బి పాట పంపండి. పాట పాడి రికార్డు చేసినా చాలు, రాసే పని మాది. పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎట్ల పలికితే అట్లనే ఉంచుతాం.