డాకర్ ఆగిపోయిందా? ముందు ఎర్రర్ చదవండి

డాకర్ ఉంటే ఇన్‌స్టలేషన్ తలనొప్పులే ఉండవని సీనియర్లు చెబుతుంటారు. అది సగం నిజమే. మెదడు ఎంఆర్ఐ డేటాను ప్రాసెస్ చేసే ‘ఎఫ్ఎంఆర్ఐప్రెప్’నే తీసుకోండి. ఇమేజ్ డౌన్‌లోడ్ అవుతుంది, కంటెయినర్ స్టార్ట్ అవుతుంది. అంతలోనే ఫ్రీసర్ఫర్ లైసెన్స్ ఫైల్ కనబడటం లేదంటూ ఆగిపోతుంది. చూస్తే ఆ ఫైల్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది! కానీ కంటెయినర్‌కు మీ ఫోల్డర్లు వాటంతట అవి కనిపించవు. ఆ ఫోల్డర్‌ను మౌంట్ చేసి, కమాండ్‌లో కంటెయినర్ లోపలి పాత్ ఇవ్వాలి. చాలామంది ఇక్కడే అంతా డిలీట్ చేసి మళ్లీ మొదలుపెడతారు. జీబీలకు జీబీలు ఖర్చవుతాయి, ఎర్రర్ మాత్రం అదే!

గంటసేపు నడిచి 137 కోడ్‌తో ఆగిందా? 128కి 9 కలిపితే వచ్చిన అంకె అది. 9 అంటే ప్రాసెస్‌ను బలవంతంగా ఆపేసే సిగ్నల్. చాలాసార్లు కారణం ర్యామ్ చాలకపోవడమే. విండోస్, మ్యాక్‌లలో అయితే ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ఉంది కదా అనుకోవద్దు, డాకర్‌కు అందులో ఎంత దక్కిందో చూడండి.

రెజ్యూమెలో ‘డాకర్ వచ్చు’ అని అందరూ రాస్తారు. ఏ వెర్షన్‌లో ఏ ఎర్రర్ వచ్చింది, ఏం మారిస్తే పోయింది అన్నది నాలుగు లైన్లు రాసి పెట్టుకున్నవాళ్లకే ఇంటర్వ్యూలో చెప్పడానికి ఏదైనా ఉంటుంది. తప్పంతా విద్యార్థులదే అనలేం. మన ల్యాబ్ పరీక్షల్లో అన్నీ సిద్ధం చేసిన సిస్టమ్ ముందు కూర్చోబెట్టి ప్రోగ్రామ్ రాయిస్తారు. చెడిపోయిన సెటప్ ఇచ్చి, బాగుచేయమని ఒక్క ప్రశ్నయినా ఎందుకు ఇవ్వకూడదు?