బయో వాష్ అంటే ఏంటన్నా?

పోయిన ఏడాది ఫెస్ట్ టీషర్ట్‌ల పని నా నెత్తిన పడింది. పడింది అనడం కూడా అబద్ధమే, మీటింగులో చెయ్యెత్తింది నేనే. ఫెస్ట్ థీమ్ పర్యావరణం కాబట్టి టీషర్ట్ కూడా 'ఎకో ఫ్రెండ్లీ'గా ఉండాలని గట్టిగా వాదించాను. మామూలు దానికన్నా 60 రూపాయలు ఎక్కువైనా పర్లేదని అందర్నీ ఒప్పించాను. క్లాసు క్లాసుకీ తిరిగి 340 అమ్మాను. ఒక ఫస్టియర్ అమ్మాయి పర్సు తెరిచి నోట్లు లెక్కపెట్టుకుంటూ, "నిజంగా భూమికి మంచిదేనా అక్కా?" అని అడిగింది. "అవును రా" అన్నాను.

డెలివరీ తీసుకోడానికి ప్రింటింగ్ షాపుకి వెళ్ళినప్పుడు గానీ నేను అసలు ప్రశ్న అడగలేదు. కొటేషన్‌లో '180 జీఎస్ఎమ్, బయో వాష్ కాటన్' అని ఉంది. ఆ 'బయో' చూసే నేను మురిసిపోయింది.

"బయో వాష్ అంటే ఏంటన్నా? ఆర్గానికే కదా?"

ఆయన నవ్వాడు. "ఆర్గానిక్ గాదు చెల్లె. ఎంజైమ్ తోటి కడుగుతరు. బట్ట మీద నూగు పోతది, మెత్తగైతది. గంతే."

అంతే మరి. సెల్యులేజ్ అనే ఎంజైమ్ నూలు బట్ట పైన లేచి ఉండే సన్నటి పోగుల్ని తినేస్తుంది. దాంతో బట్ట నున్నగా ఉంటుంది, ఉండలు కట్టడం తగ్గుతుంది. మంచి పనే. కానీ పత్తి చేనులో ఏ మందు కొట్టారు, రంగు నీళ్ళు ఎక్కడికి పోయాయి అన్న వాటితో దీనికి సంబంధం లేదు.

ఇక ముందు వైపు వేయించిన మొక్క బొమ్మ సంగతి. ఆకుపచ్చగా, ముద్దుగా ఉంది. తాకితే రబ్బరులా తగిలింది. అది ప్లాస్టిసాల్ ఇంకు, అంటే పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్‌లో కలిపిన ముద్ద. అందులో నీళ్ళుండవు కాబట్టి స్క్రీన్ మీద ఎంతసేపున్నా ఆరిపోదు, జాలీ మూసుకుపోదు. దాదాపు 160 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది. ప్రింటర్లకి ఇష్టం ఉండక చస్తుందా! మొత్తానికి 'భూమిని కాపాడండి' అని మేం గుండెల మీద అతికించుకున్నది పలచటి ప్లాస్టిక్ పొర.

ఈ వ్యాపారంలో చిక్కంతా ఇక్కడే ఉంది. బట్ట ఒకరిది, ప్రింటు ఇంకొకరిది, అమ్మేది మూడోవాళ్ళు. గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్, అంటే జీఓటీఎస్ సర్టిఫికెట్ ఉన్న ఖాళీ టీషర్ట్ కొన్నా, దాన్ని సర్టిఫికెట్ లేని షాపులో ప్రింట్ చేయిస్తే, తయారైన చొక్కాని ఆ పేరుతో అమ్మకూడదు. ప్రతి దశకీ సర్టిఫికెట్ ఉండాలి. పీవీసీ ప్లాస్టిసాల్‌ని ఆ ప్రమాణం అసలు ఒప్పుకోదు. ప్లాస్టిక్ సీసాల్ని కరిగించి తీసిన పాలిస్టర్‌దీ ఇలాంటి తిరకాసే: సీసా మళ్ళీ సీసా కాగలదు, చొక్కా అయ్యాక దాని ప్రయాణం చాలావరకు అక్కడితో సరి, పైగా ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు వదులుతుంది.

షాపతన్ని నేను తప్పుపట్టను. ఆయన ఎక్కడా 'ఎకో' అనలేదు. ఆ మాట నాది. 2024 అక్టోబర్‌లో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. 'గ్రీన్', 'ఎకో ఫ్రెండ్లీ' లాంటి మాటలు వాడితే ఏ విషయంలోనో వివరంగా చెప్పాలి, ఆధారం చూపాలి అన్నది వాటి సారం. నా దగ్గర ఉన్న ఆధారం ఒక కొటేషన్‌లో రెండక్షరాలు.

"340 చొక్కాలతో ప్రపంచం మారుతుందా ఏంటి?" అని ఫ్రెండ్ వెక్కిరించాడు. మారదు, నిజమే. కానీ 340 మంది దగ్గర 60 చొప్పున, అంటే 20,400 రూపాయలు, నేను ఒక మాటకి వసూలు చేశాను. ఆ డబ్బు మందపాటి బట్టకీ, మెత్తదనానికీ పోయింది. 'మెత్తటి, మందపాటి టీషర్ట్' అని అమ్మి ఉంటే ఏ గొడవా లేదు.

అసలు ఖర్చు ఎక్కడుందో తెలియాలంటే తిరుప్పూరు కథ చూడాలి. మనం తొడిగే టీషర్ట్‌ల్లో చాలా భాగం వచ్చేది అక్కణ్ణుంచే. అక్కడి డైయింగ్ యూనిట్ల రంగు నీళ్ళు నొయ్యల్ నదిలో కలిసి, సాగు కోసం కట్టిన ఒరత్తుప్పాళయం డ్యామ్‌లో నిలిచిపోయాయి. రైతులు కోర్టుకెక్కారు. 2011లో మద్రాసు హైకోర్టు ఆ యూనిట్లని మూసేయమంది. మురుగు నీరు చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవాలన్న షరతు అక్కడ గట్టిగా అమలయ్యాకే పని మళ్ళీ మొదలైంది. ఆ శుద్ధికి డబ్బవుతుంది. అది ఏ పోస్టర్ మీదా అందంగా కనిపించదు, కాబట్టి దాని గురించి అడిగేవాళ్ళూ తక్కువ. నేనూ అడగలేదు.

ఈ ఏడాది కమిటీ వాళ్ళు సలహా అడిగితే నాకు తోచింది చెప్పాను. నల్ల టీషర్ట్ వద్దు, లేత రంగు తీసుకోండి. నీటి ఇంకులు ముదురు బట్ట మీద సరిగా తేలవు, లేత బట్ట మీద బాగా పడతాయి, చేతికి తగలవు కూడా. స్క్రీన్ మీద ఆరిపోతాయని షాపువాళ్ళు సణుగుతారు, ముందే మాట్లాడుకోండి. డబ్బు కట్టినవాళ్ళకే ఆర్డర్ పెట్టండి. వీపు మీద తొమ్మిది స్పాన్సర్ల లోగోలూ, సంవత్సరం అంకె వేస్తే ఫెస్ట్ అయిన మర్నాడే అది నైట్ డ్రెస్ అయిపోతుంది. నల్లదైతేనే కొంటారని వాళ్ళు మొహం వేలాడేశారు. అది కొంత నిజమే, అమ్మకాలు తగ్గొచ్చు.

ఆ ఫస్టియర్ అమ్మాయికి విషయం చెప్పేశాను. "బాగుంది కదా అక్కా, వేసుకుంటున్నాలే" అంది. ఉతికినకొద్దీ మొక్క బొమ్మ బీటలు వారుతోందట.

సైజులు తక్కువ పడతాయేమోనని అప్పుడు 40 ఎక్కువ వేయించాం. వాటిలో 31 క్లబ్ రూమ్‌లో అట్టపెట్టెలోనే ఉన్నాయి, ఎక్కువగా ఎక్స్ఎల్. కావాల్సినవాళ్ళు సాయంత్రం ఐదు తర్వాత వచ్చి తీసుకోండి. డబ్బులొద్దు.