కాఫీ యంత్రానికి కాళ్ళు

జంతికల గొట్టానికి స్టాండు కావాలని ఏ ఇల్లాలూ కోరి ఉండదు. పిండిపై ఎంత బలం ప్రయోగించినా అది పై పిడికీ కింది పిడికీ మధ్యనే తీరిపోతుంది. వంటగట్టుకు దానితో ప్రమేయం లేదు.

చేతి మీటతో నడిచే ఎస్ప్రెసో యంత్రం కూడ సూత్రరీత్యా జంతికల గొట్టమే. అదే గొట్టం, అదే పిస్టన్, అడుగున అదే చిల్లుల బిళ్ళ. పిండికి బదులు మరుగుకు కొంచెం తక్కువ వేడిలో ఉన్న నీరు, ఆ నీటి కింద దట్టించిన కాఫీ పొడి. తేడా ఒక్కటే. చాలా యంత్రాలలో మీటను ఒక వైపునే, ఒక్క చేతితోనే కిందికి లాగవలసి ఉంటుంది. చిక్కంతా అక్కడ పుడుతున్నది.

మన ఇత్తడి ఫిల్టరులో నీరు తన బరువుతో తానే దిగుతుంది. అందుకే డికాక్షనుకు అంత ఓపిక కావాలి. ఇటలీవారికి ఆ ఓపిక లేకపోయింది. టూరిన్ నగరానికి చెందిన ఆంజెలో మొరియోండో 1884లోనే ఆవిరి సహాయంతో కాఫీ దించే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆవిరి వేడికి పొడి మాడి చేదెక్కే బాధను తప్పించడానికి మిలాన్ నగరవాసి అకిల్లే గాజ్జా 1938లో వేరొక మార్గం పట్టాడు. యుద్ధం ముగిసిన తరువాత అతని స్ప్రింగు మీట యంత్రాలు కాఫీ దుకాణాలకు వచ్చాయి. కప్పు మీద తేనెరంగు నురుగు నిలవడం వాటితోనే మొదలు. ఈ కాఫీకి కావలసిన ఒత్తిడి సుమారు 9 బార్లు. అంటే 90 మీటర్ల ఎత్తైన నీటి స్తంభం అడుగున ఉండేంత. కుతుబ్ మినార్ ఎత్తు 73 మీటర్లే!

ఇటువంటి యంత్రం భిలాయిలోని కోహ్కాలో ఒక ఇంటికి వచ్చిందనుకోండి. మీట లాగగానే వెనుక కాళ్ళు గట్టు మీద నుంచి లేస్తాయి. ఆ ఇంటివారికి మొదట తోచే ఉపాయం ఏమిటో ఊహించడం కష్టం కాదు: కింద ఒక మందపాటి ఇనుప ప్లేటు వేయించడం. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటి నుంచి ఆ ఊరు ఉక్కునే నమ్ముకున్నది. రైలు పట్టాలు, బరువైన ప్లేట్లు తయారుచేసే ఊరిలో కదిలే వస్తువుకు వైద్యం బరువే అనిపించడం సహజం.

కాని లెక్క వేరుగా ఉన్నది. పిస్టన్ వ్యాసం 4 సెంటీమీటర్లయితే 9 బార్ల ఒత్తిడికి దానిపై దాదాపు 115 కిలోల బలం పడాలి. మీట ఆ శ్రమను ఐదో వంతుకు తగ్గిస్తే చేతికి మిగిలేది 23 కిలోలు. ఆ 115 కిలోలు యంత్రపు చట్రంలోనే, జంతికల గొట్టంలో వలె, తీరిపోతాయి. చట్రం గట్టిదైతే చాలు. స్టాండును తలకిందులు చేసేది ఈ 23 కిలోలే. పిడి ముందుకాళ్ళకంటే 10 సెంటీమీటర్లు బయటకు పొడుచుకు వచ్చిందంటే, దానిని బరువుతోనే నిలబెట్టడానికి, ముందుకాళ్ళకు అంతే దూరం వెనుక 23 కిలోలు ఉండాలి. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, ఒక సెంటీమీటరు మందం గల ప్లేటు తూగేది 5 కిలోలలోపే. యంత్రం బరువు మరో 4 కిలోలనుకున్నా సగానికి కూడ చాలదు.

బరువు పెంచడంకంటే కాళ్ళు ముందుకు చాపడం మేలు. రెండు ఇనుప పట్టీలు, 6 మిల్లీమీటర్ల మందంవి, పిడి దిగే చోటు వరకు సాగేటట్టు పీఠం కింద వెల్డింగు చేయిస్తే చాలు. వాటి నడుమ కప్పుకు చోటు ఎలాగూ మిగులుతుంది. మన కత్తిపీటది కూడ ఇదే యుక్తి. కత్తి నిటారుగా నిలిచేది పీట బరువుతో కాదు, కోసేవారి కాలు ఆ పీట మీదనే ఉండడం వలన.

మీట నిటారుగా ఉన్నప్పుడు మాత్రం సంగతి మారుతుంది. అప్పుడు చెయ్యి కిందికి కాక తన వైపునకు లాగుతుంది. పొడుగు కాళ్ళున్నా యంత్రం మొత్తం జారవచ్చు, పడవచ్చు. కాళ్ళ అడుగున రబ్బరు బిళ్ళలు అతికించడం సగం మందు. పీఠాన్ని గట్టుకు బోల్టులతో బిగించడం పూర్తి మందు. అద్దె ఇంట గట్టుకు చిల్లులు పొడవడం కుదరదు గనుక, మరచుట్టుతో గట్టు అంచును కరిచి పట్టే క్లాంపు పెట్టించుకోవచ్చు.

ఇంత పట్టింపు కాఫీ రుచి కోసం కాదు. గొట్టంలోని నీరు 90 డిగ్రీలకు పైన ఉంటుంది. వంటగట్టు అంచు పసిపిల్లల ముఖానికి సరిగా ఎదురుగా ఉంటుంది.

వెల్డింగు షాపు నుంచి స్టాండు వచ్చిన తరువాత రంగు వేయడానికి తొందరపడరాదు. ముందుగా చన్నీళ్ళతో, పొడి దట్టించి, పూర్తి బలంతో మీట లాగి చూడాలి. ఆ సమయంలో మరొకరు వెనుక కాళ్ళ కింద పెట్టిన కాగితపు ముక్కను మెల్లగా లాగాలి. కాగితం రాకుంటే రంగు వేయవచ్చు. సులువుగా ఊడివస్తే స్టాండును మళ్ళీ షాపుకు తీసుకువెళ్ళి, పట్టీలను ఇంకొక నాలుగు వేళ్ళ పొడవు పెంచమని అడగాలి.