థార్ ఎత్తు పెంచితే లీగలేనా?

మన కాలేజీలో బండ్ల పిచ్చి ఉన్నోళ్ళకి కొదవ లేదు. ఎవరైనా లిఫ్ట్ చేయించిన థార్ తీసుకొస్తే చాలు, చుట్టూ పదిమంది చేరిపోతారు. టైర్లు తన్ని చూస్తారు, కిందికి వంగి స్ప్రింగులు చూస్తారు. ఒకడు మాత్రం తప్పకుండా అడుగుతాడు, "అరేయ్, ఇది లీగలేనా?" అని. జవాబు ఎప్పుడూ ఒకటే: "ఏం గాదు రా, ఎవరు పట్టుకుంటరు?"

అడిగింది లీగలా కాదా అని. చెప్పింది దొరుకుతామా లేదా అని. ఈ రెండూ వేరు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇవాళ ఉన్న చట్టం ప్రకారం సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండి రోడ్డు మీద లీగల్ కాదు. దాని వెనక ఉన్న భయం కూడా న్యాయమైనదే. కానీ "వద్దు" అని ఊరుకుని, "కావాలంటే ఇలా చెయ్యి" అని దారి చూపించకపోవడం మాత్రం తప్పు. దీనివల్ల ఎక్కువ నష్టపోయేది ఆదివారం సాయంత్రం కరీంనగర్ కేబుల్ బ్రిడ్జి మీద రీల్స్ తీసుకునే మనం కాదు, ఆదిలాబాద్ గూడేలకి బండి నడిపేవాళ్ళు.

ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలోని వివరాలకీ, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు అంటుంది. "మార్పు" అంటే ఏంటో కూడా అక్కడే చెప్పారు: బండి నిర్మాణాన్ని మార్చడం వల్ల దాని మౌలిక లక్షణం మారిపోవడం. ఇక్కడ మనోళ్ళు ఒక లాజిక్ తీస్తారు. "ఆర్‌సీలో గ్రౌండ్ క్లియరెన్స్ అనే కాలమే లేదు కదా, మరి తేడా ఎక్కడ?" వినడానికి బాగుంది. కానీ 2019 జనవరి 9న, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని వివరించింది. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మార్చకూడదన్నదే దీని సారమని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "ఒక్కో మార్పుకి" అన్నమాట గమనించండి. స్ప్రింగులు, టైర్లు, బంపర్ అంటూ లెక్క పెరిగిపోతుంది. 2023లో శ్రీనగర్‌లో ఒక మార్చిన థార్ విషయంలో కోర్టు యజమానికి ఆరు నెలల శిక్ష వేసి, తర్వాత ప్రొబేషన్ మీద వదిలింది. బండిని మళ్ళీ ఒరిజినల్‌గా చేయించమంది.

అంటే కాలమ్ లేదు కాబట్టి ఓకే అనుకోవడం రిస్కే. ఇన్సూరెన్స్ ఇంకో తలనొప్పి. కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, రేపు యాక్సిడెంట్ అయి క్లెయిమ్‌కి వెళ్ళినప్పుడు అడ్డం పడొచ్చు.

ఇంతకీ చట్టానికి ఆ భయం ఎందుకు? మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి లెక్క వేసుకుందాం. బండి పక్కకి బోల్తా పడే గుణాన్ని కొలిచే ఒక సింపుల్ నిష్పత్తి ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పుని, గరిమనాభి ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. వెడల్పు 1.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.70 మీటర్లు అనుకుందాం. జవాబు 1.07. రెండు అంగుళాల లిఫ్ట్ వేస్తే గరిమనాభి దాదాపు 5 సెంటీమీటర్లు లేచిందనుకుందాం. జవాబు 1.00కి పడిపోతుంది. కాగితం మీద ఇది ఏడు శాతమే. కానీ గేదె అడ్డం వచ్చి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినప్పుడు తేడా తెలిసేది ఆ ఏడు శాతం దగ్గరే. దీనికి తోడు హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలోకి కొడతాయి. పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. ఏబీఎస్, ఈఎస్‌పీ ఉంటే వాటి కోడ్ అంతా పాత ఎత్తుకి, పాత టైరుకి ట్యూన్ చేసి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, హార్డ్‌వేర్ మార్చేసి సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోవడం.

పైగా చాలామంది అనుకున్నంత లాభం కూడా ఉండదు. వెనక గట్టి యాక్సిల్ ఉన్న బండికి స్ప్రింగులు ఎంత పెంచినా బాడీ లేస్తుంది గానీ, యాక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరు మాత్రమే. థార్‌కి ఫ్యాక్టరీ నుంచే 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉంది. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో దిగగలదని కంపెనీయే చెప్తుంది. మంకమ్మతోట నుంచి లోయర్ మానేరు డ్యామ్ దాకా వెళ్ళడానికి ఇంతకంటే ఎత్తు దేనికో నాకైతే అర్థం కాదు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం "మోడిఫికేషన్ చేయొద్దు పిల్లలూ" అనే నీతిపాఠం అయిపోతుంది. కానీ ఇంకో వైపు ఉంది.

మా అమ్మమ్మ వాళ్ళది ఉట్నూరు వైపు. మా మేనమామ పికప్ నడుపుతాడు. సీజన్లో పత్తి వేసుకుని ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకి పోతాడు. మిగతా రోజుల్లో సిమెంటు, కిరాణా సామాను, అప్పుడప్పుడు మనుషులు. వానాకాలం అక్కడ నల్లరేగడి ఎట్లుంటదో చూసినవాళ్ళకే తెలుసు. అడుగు వేస్తే చెప్పు రాదు. వాగులు పొంగితే కొన్ని గూడేలకి అంబులెన్స్ కూడా పోలేదు. గర్భిణిని మంచం మీద మోసుకుని వాగు దాటించిన వార్తలు మనం ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాం. అలాంటి చోట లోడ్ వేయగానే బండి వెనక కూర్చుంటే పని జరగదు. అందుకే ఊళ్ళో పికప్ ఉన్న ప్రతి ఒక్కరూ ముందు చేసే పని, వర్క్‌షాప్‌లో రెండు కమాన్ పట్టీలు ఎక్కువ వేయించడం. పట్టీ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కమాన్. మన కరీంనగర్ కమాన్ కూడా వంపేగా! గ్రానైట్ లారీల నుంచి ట్రాలీ ఆటోల దాకా ఈ పని అందరికీ మామూలే. "పట్టీ వేయకపోతే బండి ఎందుకు మామా?" అని నవ్వుతాడు మా మామ.

ఇప్పుడు ఆ నవ్వు వెనక ఉన్న ప్రమాదం చూడండి. చాలా పికప్‌లలో వెనక బ్రేకుకి లోడ్ సెన్సింగ్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది. ఛాసిస్ మీద వాల్వ్, దాని నుంచి యాక్సిల్‌కి ఒక రాడ్. లోడ్ పెరిగితే ఛాసిస్ కిందికి దిగుతుంది, రాడ్ కదులుతుంది, వాల్వ్ వెనక బ్రేకుకి ఎక్కువ ప్రెషర్ పంపిస్తుంది. బండి ఖాళీగా ఉంటే ప్రెషర్ తగ్గిస్తుంది, లేకపోతే వెనక చక్రాలు లాక్ అయిపోతాయి. తెలివైన ఏర్పాటు. కానీ దానికి బరువు తెలియదు, ఎత్తే తెలుసు. రెండు పట్టీలు ఎక్కువ వేసి ఛాసిస్‌ని పైనే నిలబెడితే, ఫుల్ లోడ్‌లో కూడా బండి సగం ఖాళీ అనే అనుకుంటుంది. బ్రేకు ఎక్కువ కావలసిన టైంలో తక్కువ ఇస్తుంది. తలెత్తి చూసేంత ఎత్తున పత్తి వేసుకుని కెరమెరి ఘాట్ దిగే బండి గురించి చెప్తున్నాను.

ఆ వాల్వ్‌ని కొత్త ఎత్తుకి తగ్గట్టు మళ్ళీ సెట్ చేసుకోవచ్చు. కానీ చేసేదెవరు? పట్టీ వేయడమే లీగల్ కాకపోతే, వేశాక చెక్ చేయమని ఎవరి దగ్గరికి పోవాలి? ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళి "సార్, నేను పట్టీలు వేయించాను, బ్రేకు చూడండి" అంటే ముందు రాసేది చలానే. అందుకే అందరూ దాచుకుంటారు. కొందరు ఫిట్‌నెస్ రోజు పట్టీలు తీసి, మర్నాడు మళ్ళీ వేయిస్తారు. చట్టం ఆపాలనుకున్న ప్రమాదం ఆగట్లేదు, కంటికి కనపడకుండా పోతోంది అంతే.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. అదే 52వ సెక్షన్‌లో సీఎన్‌జీ, ఎల్పీజీ, బ్యాటరీ కిట్లకి తలుపు తెరిచే ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ కిట్‌ని టెస్ట్ చేసి ఓకే అంటుంది, దాన్ని వేయించుకుని ఆర్‌సీలో ఎక్కించుకుంటాం. పెట్రోల్ బండిలో గ్యాస్ సిలిండర్ పెట్టుకోవడానికి దారి ఉన్నప్పుడు, రెండు స్ప్రింగు పట్టీలకి ఎందుకు ఉండకూడదు? 2019 సవరణలో ఇలాంటి మార్పులకి ప్రమాణాలు, షరతులు పెట్టే అధికారం కేంద్రానికి ఇచ్చారు కూడా. అలా అనుమతించిన మార్పు చేస్తే కంపెనీ వారంటీ పోదని కూడా అందులోనే రాశారు. జర్మనీలో స్ప్రింగులు మార్చినా టెస్ట్ చేయించి కాగితాల్లో రాయించుకుంటారు. ఆస్ట్రేలియాలో ఒక హద్దు దాటి ఎత్తు పెంచితే గుర్తింపు పొందిన ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి. వాళ్ళకి లిఫ్ట్ అంటే ప్రేమ ఉండి కాదు, ఎవరు ఏం మార్చారో తెలియాలని.

నేను అడిగేది ఇంతే. ఏ మోడల్‌కి ఎంత ఎత్తు దాకా సురక్షితమో టెస్ట్ చేసి హద్దు పెట్టండి. ఆ టెస్ట్ ఖర్చు కిట్ తయారు చేసే కంపెనీది, మా మామది కాదు. వేశాక బ్రేకులు, హెడ్‌లైట్లు చెక్ చేసి ఆర్‌సీలో రాయండి. హద్దు దాటినవాడికి 5,000 కాదు, ఇంకా ఎక్కువ వేసినా నాకు అభ్యంతరం లేదు.

"తలుపు తెరిస్తే అందరూ ఎగబడతారు" అంటారు కొందరు. ఇప్పుడు మాత్రం ఎగబడట్లేదా? ఇంకొందరు "బండ్లు మార్చడం కాదు, రోడ్లు వేయండి" అంటారు. వంద శాతం కరెక్ట్. కానీ ప్రతి గూడేనికీ రోడ్డు, ప్రతి వాగుకీ వంతెన వచ్చేదాకా అక్కడి జనం ప్రయాణాలు ఆపుకుని కూర్చోరు కదా. "ఎక్కువ లోడ్ వేయడానికే పట్టీలు" అనే మాటలో కూడా నిజం ఉంది. అందుకే పట్టీలు పెరిగినా ఆర్‌సీలో బరువు పరిమితి పెరగకూడదు. లోడ్ కాటా దగ్గర, ఎత్తు టేపుతో, బ్రేకు మెషీన్ మీద. మూడూ విడివిడిగా కొలవగలిగినవే.

చివరగా మన మెకానికల్ ఫ్రెండ్స్‌కి ఒక మాట. ప్రతి ఏడూ గో-కార్ట్ చేస్తారు, బాగుంటుంది. ఈసారి ఒక పాత పికప్ తీసుకోండి. ఒరిజినల్ పట్టీలతో లోడ్ వేసి, ఖాళీ గ్రౌండ్‌లో బ్రేకు కొట్టి ఎంత దూరంలో ఆగిందో కొలవండి. రెండు పట్టీలు ఎక్కువ వేసి కొలవండి. తర్వాత వాల్వ్ సెట్ చేసి మళ్ళీ కొలవండి. సెన్సర్లు, డేటా, గ్రాఫులు మా సీఎస్ఈ వాళ్ళం చూసుకుంటాం. ఆ మూడు అంకెలు చేతిలో ఉంటే రవాణా శాఖకి రాసే ఉత్తరానికి కాస్త బరువు వస్తుంది. ఎవరైనా రెడీగా ఉంటే చెప్పండి, పికప్ కోసం మా మామని నేను అడుగుతాను.