బడి గంట మోగిన తరువాత

విద్యను గురించి మనం చేసే చర్చలన్నీ సాధారణంగా బడి నాలుగు గోడల నడుమనే సాగుతుంటాయి. ఉపాధ్యాయులు చాలినంతమంది ఉన్నారా, పాఠ్యపుస్తకాలు సకాలంలో అందాయా, పరీక్షలలో ఎందరు ఉత్తీర్ణులయ్యారు అన్న ప్రశ్నలు అవసరమైనవే. కాని సాయంకాలం చివరి గంట మోగి పిల్లలు వీధిలోకి వచ్చిన పిదప వారి కాలం ఏమవుతున్నదని అడిగేవారు అరుదు. నగరంలోని పేద బస్తీల బాలబాలికల భవిష్యత్తు పెక్కు సందర్భాలలో ఆ గంటలలోనే నిర్ణయమవుతున్నదని మా విశ్వాసం.

ముందుగా ఒక చిన్న లెక్క. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుండి అయిదవ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. పిల్లవాడు దినానికి పద్నాలుగు గంటలు మేలుకొని ఉంటాడనుకుంటే ఏడాదికి 5110 గంటలవుతాయి. అందులో ప్రాథమిక పాఠశాలకు దక్కేది ఆరవ వంతు కంటె తక్కువ. తక్కిన కాలానికి గురువు ఎవరు? కలిగిన ఇంటి బిడ్డకు ట్యూషన్ మాస్టారు ఉంటాడు, సంగీతం నేర్పేవారుంటారు, ఈత కొలను ఉంటుంది, చదువుకొనడానికి కథల పుస్తకాలుంటాయి. యాకుత్‌పురాలోనో, తలాబ్‌కట్టలోనో, కిషన్‌బాగ్‌లోనో ఒకే గదిలో ఆరేడుగురు తలదాచుకొనే ఇంటి బిడ్డకు వీధియే గురువు. వీధి చెడ్డ గురువని మేము అనము. అది లోకజ్ఞానం చాలా నేర్పుతుంది. కాని ఏమి నేర్పబోతున్నదో తల్లిదండ్రులకు ముందుగా చెప్పదు.

బడి బయటి కాలానికి ఇంత ప్రభావం ఉన్నదా అని సందేహించేవారికి ఒక పరిశోధనను గుర్తు చేస్తాము. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డోరిస్ ఎంట్‌విజిల్, కార్ల్ అలెగ్జాండర్ అనే సామాజిక శాస్త్రజ్ఞులు 1982లో ఒకటవ తరగతి చదువుతున్న సుమారు 790 మంది పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించారు. బడి నడిచే నెలలలో పేదల పిల్లలు, కలవారి పిల్లలు దాదాపు సమానంగానే ముందుకు సాగారనీ, వారి మధ్య అంతరం ముఖ్యంగా వేసవి సెలవులలో పెరిగిందనీ వారు తేల్చారు. ఆ అంతరాన్ని కొలిచిన పద్ధతిపై తరువాతి పరిశోధకులు కొందరు సందేహాలు వెలిబుచ్చారన్నదీ నిజమే. కొలత కొంత హెచ్చో తగ్గో కావచ్చు. సెలవులన్నవి అందరి ఇండ్లలోనూ ఒకే విధంగా గడవవన్న సత్యాన్ని గ్రహించడానికి మాత్రం మనం బాల్టిమోర్ దాకా పోనక్కరలేదు. మూసీ దాటితే చాలు.

మన చట్టాలు ఈ గంటలను అసలే గుర్తించలేదని అనలేము. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ నియమించరాదన్నారు. అయితే బడి ముగిసిన తరువాత, సెలవులలో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో ఇంటివారికి సాయపడవచ్చునని మినహాయింపు ఇచ్చారు. తండ్రి పండ్ల బండి దగ్గర కాసేపు నిలబడిన కుర్రవాని వలన ఆ తండ్రి దోషి కారాదన్నది ఆ మినహాయింపులోని ఉద్దేశం కావచ్చు. దానిని మేము తృణీకరించము. కాని కాసేపు అన్నది మూడు గంటలై, సెలవులలో పగలంతా అయి, జూన్ నెలలో బడి తెరిచేనాటికి ఆ కుర్రవానికి బడికంటె బండియే దగ్గరిదవుతుంది. ఆ గంటలలో పని చేయవచ్చునని చట్టం చెప్పింది. ఆడుకోవచ్చు, పాడుకోవచ్చు, చదువుకోవచ్చు, అందుకు ఫలానా చోట తలుపు తెరిచి ఉంటుందని చెప్పవలసినవారు ఎవరు?

వేసవిలో ఈ కొరత మరింత తీవ్రమవుతుంది. తెలంగాణలో 2025 సంవత్సరపు వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు, అనగా 49 రోజులు. ఆ రోజులలో బడితోపాటు మధ్యాహ్న భోజనమూ ఆగిపోతుంది. కరవు పీడిత ప్రాంతాలలో సెలవులలో సైతం ఈ భోజనం పెట్టవలసినదని సుప్రీంకోర్టు 2004లోనూ, తిరిగి 2016లోనూ ఆదేశించింది. ఆకలికి సెలవులు లేవని అత్యున్నత న్యాయస్థానమే గుర్తించినదన్నమాట. రేకుల కప్పు క్రింద మే నెల ఎండకు ఉడికే గదిలో పగలంతా కూర్చునే బిడ్డకు నీడ, చల్లని నీరు, ఒక పూట అన్నం, చేతికొక కథల పుస్తకం అందించగలిగితే అది వినోద కార్యక్రమం కాదు, విద్యలో భాగమే.

ఇందుకు నిధులెక్కడివి, భవనాలెక్కడివి అని ప్రశ్నించేవారున్నారు. భవనాలు ఉన్నాయి. బస్తీ నడుమనున్న సర్కారు బడి సాయంకాలం తాళం వేస్తే మరునాటి ఉదయం దాకా ఎవరికీ అక్కరకు రాదు. వేసవిలో ఏడు వారాలపాటు దాని బెంచీల మీద దుమ్ము పేరుకొంటుంది. క్రొత్త భవనం కట్టనక్కరలేదు, ఉన్నదాని తాళం తీస్తే చాలు.

ఇక పిల్లలకోసం సంస్థలే లేవా అంటే, ఉన్నాయి. నెహ్రూ ప్రోత్సాహంతో 1956లో ఢిల్లీలో బాలభవన్ వెలసింది. మన నగరంలో పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉన్నది. నగరపాలక సంస్థ వేసవిలో క్రీడాశిక్షణ శిబిరాలు నడుపుతున్నది. ఇవన్నీ మెచ్చదగినవే. కాని పదేళ్ల బాలిక యాకుత్‌పురా సందులోనుండి ఒంటరిగా బయలుదేరి, బస్సెక్కి, మూసీ దాటి నాంపల్లికి చేరుకోవాలంటే ఏ తల్లి పంపగలదు? అదే తల్లి, తమ వీధిలోని మసీదులో సాయంత్రం ఖురాన్ నేర్పే మక్తబ్‌కు బిడ్డను నిశ్చింతగా పంపుతుంది. అది కూతవేటు దూరంలో ఉన్నది, నేర్పేవారు తెలిసినవారు, రేపు కూడా వారే ఉంటారు. బస్తీ తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనే అపవాదుకు ఇంతకంటె సమాధానం అక్కరలేదు. శ్రద్ధ ఉన్నది, దూరమూ, అపరిచయమూ అడ్డు వస్తున్నాయి.

ఈ సత్యాన్ని చాలాకాలం క్రిందటనే గ్రహించిన విదుషీమణి జేన్ ఆడమ్స్. 1889లో ఆమె తన స్నేహితురాలు ఎల్లెన్ గేట్స్ స్టార్‌తో కలిసి షికాగో నగరంలో వలస కార్మికుల పేటలో హల్ హౌస్‌ను స్థాపించి, ఆ పేటవారి మధ్యనే నివసించింది. దూరాననుండి దానం పంపేవారికంటె, ప్రక్క ఇంట ఉండి ప్రతిదినం కనిపించేవారి మాటకే విలువ ఎక్కువ. మన హైదరాబాదు చరిత్రలోనూ నిత్యసాధన విలువను చాటిన మహనీయుడున్నాడు. ఉపాధ్యాయ వృత్తిలోనుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందింది. ఆనాటి జట్లలో ఈ నగరపు యువకులు పెక్కుమంది ఉన్నారు. ఈ సందులలో ప్రతిభ ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. ప్రతిదినం వచ్చి నిలబడే ఒక గురువు కావాలి.

ఆ గురువులు ఎక్కడినుండి రావాలన్న ప్రశ్నకు సమాధానం మన కళాశాలలోనే ఉన్నది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం నియమావళి ప్రకారం ప్రతి వలంటీరు రెండేళ్లలో 240 గంటలు, అనగా ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఈ గంటలను మొక్కలు నాటడానికి, ఊరేగింపులకు, నినాదాలకు ముక్కలు ముక్కలుగా ఖర్చు చేసే అలవాటు చాలా కళాశాలలలో ఉన్నది. దినానికి మూడు గంటల చొప్పున నలభై రోజులు లెక్కించి చూడండి. సరిగా 120 గంటలు. 49 రోజుల సెలవులలో వారానికొక దినం విశ్రాంతి తీసివేసినా మిగిలేవి 42 రోజులు. ఒక విద్యార్థి ఏడాది సేవ ఒక వేసవికి సరిపోతుంది. మరొకరి ఏడాది సేవను బడి నడిచే రోజులలో సాయంకాలానికి గంటన్నర చొప్పున కేటాయిస్తే ఎనభై సాయంకాలాలు వస్తాయి.

మన కళాశాలకు మరొక ప్రత్యేకత కూడ ఉన్నది. ఇక్కడ ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద వినిపిస్తాయి. 2018 నాటి చట్టం తెలంగాణ పాఠశాలలన్నిటా తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. ఇంట్లో ఉర్దూ తప్ప మరొక మాట వినని బిడ్డకు తెలుగు వాచకం తెరిచినప్పుడు సాయపడేవారుండరు. అదే బస్తీ అంచున పాలమూరునుండి కూలికి వచ్చిన కుటుంబపు తెలుగు బిడ్డకు పక్కింటివారి ఉర్దూ సగమే అర్థమవుతుంది. ఈ ఇరువురినీ ఒక చాప మీద కూర్చుండబెట్టి కథ చెప్పగలవారు మనకంటె ఎవరున్నారు? రెండు భాషల మైత్రిని గురించి మన వేదికలమీద ఉపన్యాసాలు వింటూనే ఉన్నాము. అది ఆచరణలోకి రావలసిన చోటు ఆ చాప.

ఈ పని సఫలం కావాలంటే కొన్ని జాగ్రత్తలు అవసరం. వేసవిలో ఉదయం ఏడు నుండి పది లోపల ముగించాలి. ఆ తరువాతి ఎండ పిల్లలు ఓర్చుకొనేది కాదు. ప్రతి కేంద్రంలో విద్యార్థినులు తప్పక ఉండాలి. చంకలో తమ్ముడున్న అక్కను గుమ్మంలోనుండి వెనుకకు పంపరాదు; ఆ తమ్మునికీ చోటివ్వాలి, లేకుంటే అక్క మరునాడు రాదు. పరీక్షలు, మార్కులు పెట్టి దీనిని రెండవ బడిగా మార్చరాదు. ఆట, పాట, బొమ్మలు, కథాపఠనం, కొద్దిపాటి లెక్కలు చాలు. అన్నిటికంటె ముఖ్యమైనది, మొదటి దినం వచ్చిన అన్నయ్య, అక్కయ్య నలభయ్యవ దినం కూడ రావాలి. ఛాయాచిత్రం తీయించుకొని మూడవ దినాన మాయమయ్యే సేవకంటె అసలు వెళ్లకపోవడమే మేలు. మాట ఇచ్చి తప్పినవారిని పిల్లలు త్వరగా మరచిపోరు.

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. వేసవిలో బస్తీ బడుల తాళాలు తెరవాలి, అక్కడ మధ్యాహ్న భోజనం కొనసాగించాలి, బాధ్యత వహించే ఒక ఉపాధ్యాయునికి తగిన పారితోషికం ఇవ్వాలి. విద్యార్థుల సేవ ఇందుకు తోడు కాగలదు గాని బదులు కాజాలదు. అయితే ఆ ఉత్తర్వు వచ్చేదాకా మనం ఊరకుండనక్కరలేదు. ప్రిన్సిపాల్‌గారు వచ్చే వేసవికి కళాశాలకు సమీపంలోని ఒక్క ప్రభుత్వ పాఠశాలను ఎన్నుకొని, ప్రధానోపాధ్యాయుని అనుమతి పొందవలసినదిగా సవినయంగా కోరుతున్నాము. విద్యార్థినీ విద్యార్థులారా! ఇరువదిమంది పిల్లలు, ఒక గది, నలభై ఉదయాలు. మన 120 గంటలు ఎట్లాగూ లెక్క చెప్పవలసినవే. వాటిని పిల్లలకు అప్పగిద్దాము.