ఎడ్జ్‌లో జీమెయిల్‌తో సైన్ ఇన్ అయ్యారా? పాస్‌వర్డ్‌లు ఎక్కడున్నాయో చూసుకోండి

మైక్రోసాఫ్ట్ ఖాతాను జీమెయిల్ చిరునామాతోనూ తెరవొచ్చు. చిక్కంతా అక్కడే. చిరునామా ఒకటే అయినా ఖాతాలు రెండు. సింక్ ఆన్‌లో ఉంటే, ఆ ఖాతాతో ఎడ్జ్ బ్రౌజర్‌లో సేవ్ చేసిన ఈపీఎఫ్, ఇన్‌కం ట్యాక్స్ పాస్‌వర్డ్‌లు మైక్రోసాఫ్ట్ దగ్గరికి చేరతాయి. గూగుల్ పాస్‌వర్డ్ మార్చినా వాటికి రక్షణ ఉండదు.

క్రోమ్, ఎడ్జ్ రెండింటికీ పునాది క్రోమియమే. అయినా క్రోమ్ సింక్ అన్నిటికీ అందదు. బయటివాళ్లు తయారుచేసే క్రోమియం బ్రౌజర్లకు గూగుల్ 2021 మార్చి 15 నుంచి ఆ దారి మూసేసింది.

ఏం చేయాలి?
- ఫోన్ పోతే రెండు ఖాతాల పాస్‌వర్డ్‌లూ మార్చండి.
- రెండింటికీ టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి.
- నెట్ సెంటర్ కంప్యూటర్‌లో బ్రౌజర్‌కు సైన్ ఇన్ కావొద్దు. గెస్ట్ విండోలోనే పని ముగించుకుని, దాన్ని మూసేసి లేవండి.